కారు రేడియో: శబ్ద నియంత్రణ, ట్యూనింగ్ (వికారాబాద్–తాండూరు ప్రాంతం)

నిర్వచనం

వాహనం బ్యాటరీ నుంచి విద్యుత్తు తీసుకుని, బండి కదులుతుండగా రేడియో ప్రసారాలను వినిపించే పరికరం కారు రేడియో. వాడుకలో దీన్ని స్టీరియో, టేప్ అని కూడా అంటారు. క్యాసెట్ కాలం పోయినా టేప్ అన్న పేరు ఇంకా పోలేదు. దీని వాడకం రెండు పనుల చుట్టూ తిరుగుతుంది. మొదటిది సౌండ్ పెంచడం, తగ్గించడం: శబ్ద నియంత్రణ. రెండవది కావలసిన స్టేషన్‌ను పట్టుకోవడం: ట్యూనింగ్. ఇంట్లో రేడియోకు ఈ రెండూ ఒకసారి సరిచేస్తే చాలు. బండిలో అలా కుదరదు. వేగం మారితే చప్పుడు మారుతుంది, చోటు మారితే సిగ్నల్ మారుతుంది. హైదరాబాద్ నుంచి వికారాబాద్ మీదుగా తాండూరు వెళ్లే దారి ఈ మార్పులన్నింటినీ వంద కిలోమీటర్ల పరిధిలోనే చూపిస్తుంది. అందుకే ఈ వ్యాసం ఆ దారినే ఉదాహరణగా తీసుకుంటుంది.

ప్రాంత స్వరూపం

వికారాబాద్ జిల్లా 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడింది. జిల్లా కేంద్రం వికారాబాద్ హైదరాబాద్‌కు పడమట సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ఎత్తైన పీఠభూమి మీద ఉంది. పట్టణాన్ని ఆనుకుని అనంతగిరి కొండలు ఉన్నాయి. అక్కడ పుట్టిన మూసీ తూర్పుకు పారి హైదరాబాద్ చేరుతుంది. కొండలకు అవతలి వైపు నీళ్లు కాగ్నా నదిలో కలిసి, పడమటగా కర్ణాటకలోని భీమా నదికి పోతాయి. నాపరాయికి, సిమెంటుకు, కందులకు పేరుపొందిన తాండూరు ఈ కాగ్నా వైపు పల్లంలో, హైదరాబాద్‌కు సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉంది. నీళ్లను తూర్పుకు, పడమరకు విడదీసే ఈ గట్టే హైదరాబాద్ ఎఫ్‌ఎం ప్రసారాలకు కూడా అడ్డుగోడ. కింద వచ్చే విషయమంతటికీ ఇది మూలం.

చరిత్ర

కార్లలో రేడియో బిగించే ప్రయత్నాలు 1920ల్లోనే జరిగినా, వ్యాపారపరంగా నిలదొక్కుకున్న తొలి నమూనాల్లో ముఖ్యమైనది 1930లో అమెరికాలోని గాల్విన్ సంస్థ తెచ్చిన 5టి71. దానికి పెట్టిన మోటరోలా అన్న పేరే తర్వాత ఆ సంస్థ పేరయింది. ఐరోపాలో 1932లో జర్మన్ సంస్థ బ్లావ్‌పుంక్ట్ తొలి కారు రేడియోను విడుదల చేసింది. ఆనాటి సెట్లు వాల్వులతో పనిచేసేవి. వాల్వులకు ఎక్కువ వోల్టేజి కావాలి గనుక, బ్యాటరీ ఇచ్చే కొద్ది వోల్టులను పెంచడానికి వైబ్రేటర్ అనే భాగాన్ని అమర్చేవారు. అది పనిచేసినంతసేపూ సన్నగా మోగుతూనే ఉండేది. 1952లో బ్లావ్‌పుంక్ట్ ఎఫ్‌ఎం పట్టే కారు రేడియోను తెచ్చింది. మరుసటి ఏడాది బెకర్ సంస్థ మెక్సికో నమూనాలో స్టేషన్‌ను తానే వెదికి ఆగే ఏర్పాటు చేసింది. 1955లో ఫిల్కో సంస్థ పూర్తిగా ట్రాన్సిస్టర్లతో తయారైన సెట్‌ను క్రైస్లర్ కార్లకు అందించడంతో వైబ్రేటర్ అవసరం తీరిపోయింది.

హైదరాబాద్ రాజ్యంలో 1930ల తొలి సంవత్సరాల్లో చిన్న ప్రైవేటు కేంద్రంగా మొదలైన రేడియోను 1935లో నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. దక్కన్ రేడియోగా పేరుపొందిన ఆ కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో విలీనమైంది. ఆ తరంలో కారున్న ఇళ్లు తక్కువ, కారులో రేడియో ఉన్నవి మరీ తక్కువ. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లకు రేడియోను సాధారణంగా విడిగా కొని బిగించుకునేవారు. రేడియో ఉంచుకోవడానికి పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టే పద్ధతి 1980ల మధ్య వరకు కొనసాగింది.

మన దేశంలో తొలి ఎఫ్‌ఎం ప్రసారం 1977 జులై 23న మద్రాసులో మొదలైంది. ప్రైవేటు ఎఫ్‌ఎం 2001 జులైలో బెంగళూరులో రేడియో సిటీతో వచ్చింది. హైదరాబాద్‌లో ప్రైవేటు స్టేషన్లు 2006లో వినిపించడం మొదలయ్యాక, కారు రేడియోలో మీడియంవేవ్‌ను పక్కనపెట్టి ఎఫ్‌ఎం మీదే ముల్లు నిలిపే అలవాటు నగరంలో స్థిరపడింది. తాండూరు వైపు ఆ అలవాటు అంత తేలిగ్గా సాగలేదు. కారణం కింద వస్తుంది (చూ. దారి పొడవునా సిగ్నల్).

శబ్ద నియంత్రణ

పాత సెట్లలో ఎడమవైపు నాబ్ వెనుక పొటెన్షియోమీటర్ ఉండేది. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న కార్బన్ పూత మీద ఒక లోహపు వేలు జరుగుతుంది. అది జరిగిన కొద్దీ నిరోధం మారి, యాంప్లిఫయర్‌కు అందే సంకేతం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పితే టక్కుమని చప్పుడయి సెట్ ఆగిపోయేది, ఆన్, ఆఫ్ స్విచ్ కూడా అందులోనే ఉండేది కాబట్టి. కార్బన్ పూత మీద దుమ్ము చేరితే నాబ్ తిప్పిన ప్రతిసారీ స్పీకర్లో కరకరమంటుంది. రాతి పొడి ఎగిసే రోడ్ల మీద తిరిగే బండ్లలో ఇది ఊహించదగిన జబ్బే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాబ్‌ను అటూ ఇటూ కొన్నిసార్లు తిప్పితే చాలావరకు పోతుంది.

చెవి శబ్దాన్ని సమాన భాగాలుగా గ్రహించదు. శబ్ద తీవ్రత సుమారు 10 డెసిబెల్స్ పెరిగితే గానీ రెట్టింపు అయినట్టు వినిపించదు, అంత పెరగడానికి పదిరెట్లు శక్తి కావాలి. అందుకే పొటెన్షియోమీటర్‌ను సమాన మెట్లతో కాక, మొదట మెల్లగా, తర్వాత వేగంగా పెరిగేలా తయారు చేస్తారు. ఇప్పటి సెట్లలో నాబ్ ఎంత తిప్పినా ఆగదు. దాని వెనుక ఉన్నది రోటరీ ఎన్‌కోడర్. అది ఎన్ని మెట్లు తిరిగిందో లెక్కపెట్టి, అసలు నియంత్రణను చిప్‌కు వదిలేస్తుంది. తెర మీద కనిపించే 15, 20 అన్న అంకెలు వాట్లూ కావు, డెసిబెల్సూ కావు. అవి ఆ తయారీదారు పెట్టుకున్న మెట్లు మాత్రమే. ఒక బండిలో 20 మరో బండిలో 12కు సమానం కావచ్చు.

డబ్బా మీద రాసే 50 వాట్లు ఇంటూ 4 అన్న లెక్కను కూడా ఇలాగే చూడాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండిలో ఉండేది సుమారు 14 వోల్టులు. అదనపు వోల్టేజి పుట్టించే ఏర్పాటు లేని సెట్ అంత విద్యుత్తుతో 4 ఓమ్‌ల స్పీకర్‌కు నిలకడగా ఇవ్వగలిగేది 20 వాట్ల చుట్టుపక్కల. అది దాటి సౌండ్ పెంచితే తరంగపు కొనలు తెగి, మాట చీలినట్టు వినిపిస్తుంది. స్పీకర్లు ఎక్కువగా పాడయ్యేది ఈ దశలోనే.

నాబ్‌తో పాటు మరికొన్ని అమరికలు శబ్దాన్ని దిద్దుతాయి. బ్యాస్, ట్రెబుల్ మోత స్వభావాన్ని మారుస్తాయి. బ్యాలెన్స్ కుడి ఎడమల మధ్య, ఫేడర్ ముందు వెనుకల మధ్య శబ్దాన్ని పంచుతుంది. లౌడ్‌నెస్ మీట తక్కువ సౌండ్‌లో వినేటప్పుడు బరువైన స్వరాలను కొంత పెంచుతుంది. తక్కువ శబ్దంలో మన చెవి ఆ స్వరాలను సరిగా పట్టదని ఫ్లెచర్, మన్సన్ 1933లో చూపారు, ఈ మీట దాని ఆధారంగానే వచ్చింది. సౌండ్ ఎక్కువగా పెట్టినప్పుడు దీన్ని ఆపేయడం మంచిది. వేగాన్ని బట్టి సౌండ్‌ను సరిచేసే ఏర్పాటు కొన్ని కార్లలో కంపెనీ నుంచే వస్తుంది. హైదరాబాద్–బీజాపూర్ రహదారి మీద వేగంగా పోయి, మన్నెగూడ దగ్గర వికారాబాద్ వైపు మలుపు తీసుకుని నెమ్మదించినప్పుడు దాని పని తెలుస్తుంది. టైర్ల మోత తగ్గిన మేరకు సెట్ తానే సౌండ్ దించుకుంటుంది.

శ్రోత తిప్పే నాబ్ కాకుండా, సెట్ లోపల మరో నియంత్రణ పనిచేస్తూ ఉంటుంది. సిగ్నల్ బలహీనపడితే దాన్ని పెద్దది చేసి, బలపడితే చిన్నది చేసే ఈ ఏర్పాటుకు స్వయంచాలక గెయిన్ నియంత్రణ అని పేరు. స్టేషన్ దగ్గరవుతున్నా దూరమవుతున్నా స్పీకర్ మోత ఒకేలా ఉండటానికి కారణం ఇదే. అయితే సిగ్నల్‌తో పాటు దానిలోని రొద కూడా పెద్దదవుతుంది. కాబట్టి గరగర ఎక్కువగా ఉన్న చోట సౌండ్ పెంచితే మాట తేట పడదు, గరగరే పెరుగుతుంది. అక్కడ పట్టుకోవాల్సింది ట్యూనింగ్‌ను.

ట్యూనింగ్

గాలిలో ఒకేసారి ఉన్న వందల తరంగాల్లోంచి ఒక్క ఫ్రీక్వెన్సీని ఎంచుకోవడం ట్యూనింగ్. పాత ఇంటి రేడియోల్లో ఇందుకు రేకుల కండెన్సర్ వాడేవారు. కారు కుదుపులకు ఆ రేకులు అదిరి స్టేషన్ జారిపోయే ప్రమాదం ఉంది. అందుకని చాలా కారు రేడియోల్లో తీగచుట్టల లోపలికి ఫెర్రైట్ కడ్డీలను జరిపే పద్ధతి తెచ్చారు. నాబ్ తిప్పితే కడ్డీలు చుట్టల్లోకి దూరుతాయి లేదా బయటికి వస్తాయి, దారంతో కట్టిన ముల్లు అద్దం వెనుక కదులుతుంది. ముందున్న అయిదు మీటల్లో ఒకదాన్ని బయటికి లాగి, గట్టిగా లోపలికి నొక్కితే అప్పుడున్న స్టేషన్ దాని మీద నమోదయ్యేది. ఆ జ్ఞాపకం విద్యుత్తుతో కాదు, లోపలి ఇనుప పలక ఒక కోణంలో బిగిసి ఉండటంతో నిలిచేది. బ్యాటరీ తీసేసినా చెరగదు. చూపు రోడ్డు మీదే ఉంచి వేలితో తడిమి నొక్కగలిగిన ఆ మీటలు, ఇప్పటి తాకుతెరలతో పోలిస్తే నడిపేవారికి ఎంతో అనుకూలమైనవి.

నేటి సెట్లలో ఫ్రీక్వెన్సీని క్వార్ట్జ్ స్ఫటికం ఆధారంగా అంకెల్లో నిర్ణయిస్తారు. ఎంచుకున్న తరంగాన్ని సెట్ నేరుగా విడమరచదు. దాన్ని ముందుగా ఒక స్థిరమైన మధ్యస్థ ఫ్రీక్వెన్సీకి మారుస్తుంది. ఎఫ్‌ఎంకు ఇది సంప్రదాయంగా 10.7 మెగాహెర్ట్జ్, మీడియంవేవ్‌కు సాధారణంగా 450 కిలోహెర్ట్జ్ ప్రాంతం. అందువల్ల వడపోత అంతా ఒకే చోట జరుగుతుంది.

స్టేషన్ పట్టుకునే పద్ధతులు మూడు రకాలు. ఒక్కో మెట్టు జరుపుకుంటూ చేత్తో వెదకడం మొదటిది. సీక్ మీట నొక్కితే సెట్ తానే ముందుకు పోయి, తగినంత బలమైన స్టేషన్ దొరికిన చోట ఆగుతుంది. ఆటోస్టోర్ డయల్ మొత్తం గాలించి, బలమైన వాటిని వరుసగా మీటల మీద నింపుతుంది. ఈ మూడోదానితో ఒక చిక్కుంది. తాండూరులో ఆటోస్టోర్ నొక్కితే, హైదరాబాద్‌లో దాచుకున్న స్టేషన్లన్నీ చెరిగి, అక్కడ దొరికిన కొద్దిపాటివే వాటి స్థానంలోకి వస్తాయి. అందువల్ల ఎఫ్‌ఎం 1 వరుసలో హైదరాబాద్ స్టేషన్లు, ఎఫ్‌ఎం 2లో దూరపు స్టేషన్లు చేత్తో దాచుకోవడం ఈ దారిలో తిరిగేవారికి పనికొచ్చే పద్ధతి. దాచడానికి మీటను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి.

సీక్ ఎంత బలం ఉన్న చోట ఆగాలో తేల్చే అమరిక లోకల్, డిఎక్స్. లోకల్‌లో బలమైన స్టేషన్ల దగ్గరే ఆగుతుంది. డిఎక్స్‌లో బలహీనమైన వాటినీ వదలదు. నగరంలో మొదటిది మేలు, అనంతగిరి దాటాక రెండోది అవసరం. స్టీరియోలో గరగర వస్తుంటే మోనోకు మార్చడం మరో ఉపాయం. బలహీన సిగ్నల్‌లో మోనో రొద స్టీరియో రొద కంటే చాలా తక్కువ. చాలా కొత్త సెట్లు ఈ మార్పును అడగకుండానే చేస్తాయి.

దారి పొడవునా సిగ్నల్

ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే సాగుతాయి. నేల చదునుగా ఉందనుకుంటే, 150 మీటర్ల ఎత్తున్న ప్రసార స్తంభం నుంచి కారు ఏరియల్ దాకా ఈ హద్దు సుమారు 55 కిలోమీటర్లు. ఏరియల్ చుట్టూ ఉన్న నేల కంటే వంద మీటర్ల ఎత్తున ఉంటే హద్దు 90 కిలోమీటర్ల దాకా జరుగుతుంది. హద్దు దాటాక సిగ్నల్ ఒక్కసారిగా పోదు, త్వరత్వరగా సన్నగిల్లుతుంది.

మొయినాబాద్, చేవెళ్ల వరకు హైదరాబాద్ స్టేషన్లకు దూరం పెద్ద అడ్డు కాదు: రేడియో సిటీ 91.1, రేడియో మిర్చి 98.3, ఆకాశవాణి రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 మెగాహెర్ట్జ్. వికారాబాద్ దూరంలో చదును నేల లెక్క ప్రకారం హద్దు దాటినట్టే. కానీ పట్టణం ఎత్తున ఉండటం ఆ లోటును కొంత పూడుస్తుంది. తూర్పు ముఖంగా ఉన్న ఎత్తు ప్రదేశాలు స్టేషన్ పట్టడానికి అనుకూలం.

అనంతగిరి ఘాట్‌లో వచ్చే అనుభవం వేరు. నేరుగా వచ్చే తరంగం, కొండ వాలును తాకి తిరిగి వచ్చే తరంగం కలిసినప్పుడు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి బలపరుస్తాయి, కొన్నిచోట్ల రద్దు చేస్తాయి. 101.9 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు మూడు మీటర్లకు కొంచెం తక్కువ. కాబట్టి ఈ మంచి చెడ్డ చోట్లు మీటరు, ఒకటిన్నర మీటరు తేడాతో వస్తుంటాయి. బండి కదులుతుంటే పాట మధ్య సుయ్‌సుయ్‌మని కోతలు పడతాయి. ఆగిన చోట గరగర వస్తే నాబ్ ముట్టుకోకుండా బండిని ఒక అడుగు, రెండడుగులు ముందుకు జరిపితే చాలు, స్టేషన్ తేటగా పడవచ్చు.

ఘాట్ దిగి ధారూర్ మీదుగా తాండూరు వైపు పోయే కొద్దీ గట్టు వెనుక పడిపోతుంది, దానితో పాటు హైదరాబాద్ ఎఫ్‌ఎం కూడా. ఇక్కడే మీడియంవేవ్ విలువ తెలుస్తుంది. ఆకాశవాణి హైదరాబాద్ ఎ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు. అంత పొడవైన తరంగం నేలను అంటిపెట్టుకుని, గట్టును దాటి, పల్లంలోకీ చేరుతుంది. వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు వినదలచిన తాండూరు ప్రయాణికుడికి సరైన మార్గం మీడియంవేవ్‌కు మార్చే ఎఎం మీట నొక్కడమే. రాత్రి పూట పరిస్థితి మారుతుంది. పగలు మీడియంవేవ్‌ను పీల్చేసే అయనావరణపు కింది పొర చీకటి పడ్డాక పలచబడటంతో, దూర రాష్ట్రాల స్టేషన్లు ఆకాశం నుంచి ప్రతిఫలించి వచ్చి చేరుతాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి ఈల వేసినట్టు వినిపించడం సెట్ లోపం కాదు. తాండూరుకు పడమట సేడం, చించోళి దిశగా వెళ్తే కన్నడ ప్రసారాలు బలపడతాయి.

ఉత్తరాన సంగారెడ్డి జిల్లాలోని మాచనూరులో సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద 2008 అక్టోబర్ 15 నుంచి ప్రసారం చేస్తోంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మద్దతుతో దళిత మహిళలు నడిపే కేంద్రంగా ఇది ప్రసిద్ధం. సముదాయ రేడియోలకు అనుమతించే శక్తి చాలా తక్కువ గనుక, దాన్ని వినాలంటే జహీరాబాద్ పరిసరాలకు వెళ్లాలి (చూ. సముదాయ రేడియో).

విదేశీ సెట్లు, ప్రాంత అమరిక

విదేశాల నుంచి తెచ్చిన స్టీరియో బిగించుకున్నవారికి ఒక విచిత్రమైన సమస్య ఎదురవుతుంది: 91.1, 98.3, 101.9 పడతాయి, 102.8 మాత్రం పడదు. కారణం అమెరికా అమరికలో ఎఫ్‌ఎం మెట్టు 0.2 మెగాహెర్ట్జ్, అదీ బేసి దశాంశాల మీదే ఉండటం. 102.7 తర్వాత నేరుగా 102.9కి దూకుతుంది. మీడియంవేవ్ మెట్టు అక్కడ 10 కిలోహెర్ట్జ్ కాబట్టి 738 మీద కూడా నిలవదు. మన దేశంలో మీడియంవేవ్ మెట్టు 9 కిలోహెర్ట్జ్. మెనూలో ఏరియా అన్న చోట ఐరోపా లేదా ఆసియా అమరిక పెడితే సమస్య తీరుతుంది. జపాన్ దేశీయ సెట్ల సంగతి వేరు. అక్కడి ఎఫ్‌ఎం పట్టీ 76 మెగాహెర్ట్జ్ దగ్గరే మొదలై చాలా పాత సెట్లలో 90తో ముగుస్తుంది. హైదరాబాద్ స్టేషన్లన్నీ అంతకు పైనే ఉన్నాయి.

సాధారణ లోపాలు

స్టేషన్ సరిగా పడకపోతే ముందు చూడాల్సింది ఏరియల్. వంద మెగాహెర్ట్జ్ తరంగానికి నాలుగో వంతు, అంటే సుమారు 75 సెంటీమీటర్లు, కడ్డీకి సహజమైన పొడవు. పొట్టి ఏరియల్‌లో యాంప్లిఫయర్ ఉంటుంది. దానికి విద్యుత్తు తీగ కలపకపోతే నగరంలో పడే స్టేషన్ వికారాబాద్‌లో పడదు. కడ్డీ అడుగున తుప్పు పట్టి బాడీతో ఎర్త్ తెగినా ఇదే ఫలితం. ఇంజిన్ వేగంతో పాటు కీచుమనే మోత పెరుగుతుంటే ఆల్టర్నేటర్‌ను, ఎర్త్ తీగను అనుమానించాలి. చౌకరకం ఫోన్ ఛార్జర్ పెట్టగానే ఎఫ్‌ఎం పోవడం కూడా తరచూ కనిపించేదే. బండి ఆపిన ప్రతిసారీ దాచిన స్టేషన్లు పోతుంటే, బిగించేటప్పుడు జ్ఞాపకానికి నిరంతరం విద్యుత్తు ఇవ్వాల్సిన పసుపు తీగను, తాళంచెవితో పనిచేసే ఎర్ర తీగను కలిపేసి ఉంటారు.

భద్రత

ఘాట్ రోడ్డు మలుపుల్లో, రాతి లారీలు ఎదురయ్యే చోట, వెనుక హారన్ వినిపించనంత సౌండ్ ప్రమాదకరం. స్టేషన్లను బయలుదేరే ముందే మీటల మీద దాచుకోవడం, నడుస్తుండగా స్టీరింగ్ మీది మీటలే వాడటం మంచి పద్ధతి. చెవి విషయంలో, పెద్దవారికి వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్‌ను సురక్షిత పరిమితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. రోజంతా బండిలోనే గడిపే డ్రైవర్లకు ఈ లెక్క ముఖ్యం.

ప్రస్తుత స్థితి

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. తెలంగాణ నుంచి మహబూబ్‌నగర్, నిజామాబాద్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి, వికారాబాద్, తాండూరు లేవు. మీడియంవేవ్‌లోనే అంకాత్మక ప్రసారం చేసే డిఆర్‌ఎం పద్ధతిని ఆకాశవాణి చేపట్టింది. కొన్ని కొత్త కార్లకు ఆ సెట్లు కంపెనీ నుంచే వస్తున్నాయి. మరోవైపు విద్యుత్ కార్ల మోటారు వ్యవస్థ పుట్టించే రొద మీడియంవేవ్‌ను చెడగొడుతుందని కొందరు విదేశీ తయారీదారులు ఎఎం పట్టీనే తీసేశారు. ఆ ధోరణి ఇక్కడికీ వస్తే నష్టపోయేది ఎఫ్‌ఎం చేరని తాండూరు వంటి ఊళ్లే.

ఇదే జిల్లాలో, పూడూరు మండలం దామగుండం అడవిలో, జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. తమిళనాడు తిరునెల్వేలి దగ్గరి ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఈ తరహా కేంద్రం ఇది రెండవది. ఇలాంటి కేంద్రాలు వాడేది 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ (విఎల్‌ఎఫ్). కారు రేడియో డయల్ 531 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి ఆ సంకేతాలు దానికి అందవు (చూ. విఎల్‌ఎఫ్ తరంగాలు).